ట్రైలర్ కొనబోతున్న చిరంజీవికి

చిరంజీవి సుధీర్‌కు డులూత్ నుండి పెదనాన్న ఆశీస్సులు.

మంచు మీద నడిచే స్నోమొబైళ్లనూ, నాలుగు చక్రాల ఏటీవీలనూ తీసుకుపోయే ఎన్‌క్లోజ్డ్ ట్రైలర్‌ను, అంటే నాలుగు వైపులా గోడలూ పైన కప్పూ ఉండి, వెనుక తలుపు కిందికి వాలి ర్యాంపుగా మారే ట్రైలర్‌ను కొనేవారిలో ఎక్కువమంది దాని పొడవునూ ధరనూ ముందుగా విచారిస్తారు. కాని మిన్నెసోటా చలికాలంలో అటువంటి ట్రైలర్ మంచిదో కాదో తేలేది మొదట బరువు దగ్గర, ఆ తరువాత ఉప్పు దగ్గర. ఈ రాష్ట్రంలో 22,000 మైళ్లకు పైగా స్నోమొబైల్ దారులు ఉన్నాయి, డిసెంబరు 1 నుండి ఏప్రిల్ 1 వరకు వాటి రుతువు. అయితే మినియాపొలిస్‌లో కాపురం ఉండి, డులూత్ నుండి గ్రాండ్ మరే వరకు సుపీరియర్ సరస్సు తీరపు కొండల మీదుగా సాగే నార్త్ షోర్ దారిలో స్నోమొబైల్ నడపదలచినవారు, ఆ దారి మొదలుకు చేరటానికే దాదాపు 150 మైళ్లు, మంచు కరగటానికి ఉప్పు చల్లిన రహదారి మీద ట్రైలర్‌ను లాగవలసి ఉంటుంది. అంటే బండ్లు మంచులో తిరిగే గంటలు కొన్ని మాత్రమే కాగా, ట్రైలర్ ఉప్పునీటిలో తడిసే గంటలు వాటికి తీసిపోనన్ని ఉంటాయి, కనుక దాన్ని ఎంచుకునే పద్ధతి కూడా ఆ వాస్తవం నుండే మొదలుకావాలి.

ట్రైలర్ ముందుభాగాన, ఎడమవైపు అంటించిన ధ్రువీకరణ పట్టీ మీద ఒక అంకె ముద్రించి ఉంటుంది. ట్రైలర్ సొంత బరువూ లోపల ఎక్కించిన సరుకు బరువూ కలిసి దాటరాని హద్దు అది. దానిని స్థూల బరువు పరిమితి అంటారు. ఆ పరిమితిలో నుండి ఖాళీ ట్రైలర్ బరువు తీసివేస్తే మిగిలేదే మోయగల బరువు, కొనేవారికి నిజంగా అక్కరకు వచ్చే అంకె కూడా అదే. మార్కెట్లో సరిగ్గా 2,990 పౌండ్ల పరిమితి గల ఒంటి యాక్సిల్ ట్రైలర్లు విరివిగా కనిపిస్తాయి; మిన్నెసోటాతో సహా అనేక రాష్ట్రాలు 3,000 పౌండ్ల వద్ద ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి చేశాయి కనుక, బ్రేకుల ఖర్చు తప్పించటానికి ఆ హద్దుకు పది పౌండ్లు తక్కువగా వాటిని నిర్ణయించటం జరిగింది. అటువంటి ట్రైలర్ ఖాళీగా 1,500 పౌండ్లు తూగుతుందనుకుంటే, పెట్రోలు నింపిన స్నోమొబైల్ ఒక్కొక్కటి 600 పౌండ్ల చొప్పున రెండింటికి 1,200 పోగా, హెల్మెట్లకూ బూట్లకూ పనిముట్లకూ విడి పెట్రోలు డబ్బాలకూ మిగిలేది 290 పౌండ్లు మాత్రమే, బండ్ల అడుగున గడ్డకట్టిన మంచు బరువు కూడా అందులో నుండే పోతుంది. అదే ట్రైలర్‌లో వేసవిలో 800 పౌండ్ల ఏటీవీలు రెండు ఎక్కిస్తే ఆ హద్దు దాటిపోవటం ఖాయం. అందువల్ల చిరంజీవికి తగినది రెండు యాక్సిళ్లు, వాటికి విద్యుత్ బ్రేకులు ఉన్న ట్రైలరే అన్నది పెదనాన్న నిశ్చితాభిప్రాయం. మొదట కొంత ఎక్కువ ఖర్చైనా, మంచుగడ్డ పేరుకున్న వాలు దిగేటప్పుడు వెనుక ఉన్న బరువు తనను తాను నిలువరించుకోగలగటం అన్నది ధరతో తూచదగిన విషయం కాదు.

ఇక లాగే వాహనం సంగతి. చిరంజీవి దగ్గర ఉన్న ఎస్‌యూవీ 5,000 పౌండ్ల వరకు లాగగలదని తయారీదారు పుస్తకం చెబుతున్నా, అదే పుస్తకంలో ఇంకో రెండు పరిమితులు ఉంటాయి, వాటిని చదివేవారు అరుదు. మొదటిది, ట్రైలర్ ముందుభాగం వాహనపు హిచ్, అంటే ట్రైలర్‌ను తగిలించే కొక్కెం, మీద మోపే నిలువు బరువు ఎంతవరకు ఉండవచ్చునన్నది. ఈ బరువు వాహనంలో కూర్చున్న మనుషుల బరువుతో పాటు వాహనపు మోత పరిమితిలోనే లెక్కకు వస్తుంది. రెండవది, గాలికి ఎదురుగా నిలిచే ట్రైలర్ ముఖవైశాల్యం ఎంతకు మించరాదన్నది. కొందరు తయారీదారులు దీనిని చదరపు అడుగులలో నిర్దేశిస్తారు. బరువు సరిపోయినంత మాత్రాన ఎత్తైన, వెడల్పైన పెట్టెను ఆ వాహనం సుఖంగా లాగుతుందని అనుకోరాదు, ఎందుకంటే రహదారి వేగంలో ఇంజను కష్టం బరువును లాగటం కంటే గాలిని చీల్చటానికే ఎక్కువగా ఖర్చవుతుంది.

హిచ్ మీద పడే నిలువు బరువు మొత్తం ట్రైలర్ బరువులో 10 నుండి 15 శాతం వరకు ఉండాలన్నది ఈ రంగంలో స్థిరపడిన నియమం. ధాన్యం బస్తాలు ఎక్కించే రైతు కాడి ఎద్దుల మెడమీద అణగకుండా, అలాగని పైకి లేవకుండా బండిలో ముందువెనుకలు సరిచూసుకున్నట్లే ఇక్కడా చూసుకోవాలి గాని, ఎద్దులబండికి సమతూకం మేలైతే ట్రైలర్‌కు మాత్రం కొంత ముందుభారమే క్షేమం. వెనుకభారం ఎక్కువైన ట్రైలర్, ఒక లారీ పక్కనుండి దూసుకుపోయినప్పుడో అడ్డగాలి కొట్టినప్పుడో, పక్కలకు ఊగటం మొదలుపెడుతుంది, ఒక హద్దు దాటిన తరువాత ఆ ఊపును స్టీరింగుతో అదుపు చేయటం సాధ్యపడదు. స్నోమొబైల్‌కు ఇంజను ముందుభాగంలో ఉంటుంది, కనుక దానిని ముఖం ముందుకు పెట్టి ఎక్కించినప్పుడు బరువు సహజంగానే హిచ్ వైపుకు చేరుతుంది. ఏటీవీలో బరువు నాలుగు చక్రాల మీద ఇంచుమించు సమంగా పరచుకొని ఉంటుంది కనుక దానిని యాక్సిళ్లకు ఎంత ముందుగా నిలపాలన్నది ప్రతిసారీ చూసుకోవాలి. ఇందుకోసం హిచ్ బరువు చూపే చిన్న తూకపు పరికరం దొరుకుతుంది, అది ఇంట్లో ఉండటం మంచిది.

వెడల్పు విషయంలో అభిప్రాయభేదాలు ఎక్కువ. అమెరికా జాతీయ రహదారుల మీద వాహనానికి అనుమతించిన గరిష్ఠ వెడల్పు 102 అంగుళాలు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. ఆ వెడల్పు గల ట్రైలర్‌లో రెండు స్నోమొబైళ్లు పక్కపక్కన పడతాయి, అందుకని పొడవు తగ్గుతుంది. ఏడడుగుల వెడల్పు గల రకాన్ని ఇన్‌లైన్ ట్రైలర్ అంటారు; అందులో బండ్లు ఒకదాని వెనుక ఒకటిగా, ముందుదాని తోక పక్కకు వెనుకదాని స్కీలు, అంటే ముందు చక్రాల స్థానంలో ఉండే పలకలు, కొంచెం చొచ్చుకొనేలా నిలుస్తాయి. ముక్కు ఆకారంలో కోసుగా ఉండే ముందుభాగాన్ని కూడా కలుపుకొని 19 అడుగుల ఇన్‌లైన్ ట్రైలర్‌లో రెండు, 23 అడుగుల దానిలో మూడు, 29 అడుగుల దానిలో నాలుగు స్నోమొబైళ్లు పడతాయని అమ్మకందారులు లెక్క చెబుతారు. ఈ లెక్క మామూలు దారులలో తిరిగే బండ్లకు వర్తిస్తుంది. లోతైన మంచులో కొండలెక్కే బండ్లకు ట్రాక్, అంటే వెనుక తిరిగే రబ్బరు పట్టా, బాగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి వాటితో ఈ లెక్క తప్పుతుంది. వెడల్పు ట్రైలర్ వాహనానికి రెండు వైపులా పొడుచుకువచ్చి గాలిని పట్టుకుంటుంది, అద్దాలలో వెనుక వచ్చే బండ్లను కప్పేస్తుంది, పాత మంచు గట్టులుగా పేరుకుపోయి ఇరుకైన ఊరి వీధులలో తిప్పటానికి ఇబ్బంది పెడుతుంది. ఇన్‌లైన్ ట్రైలరైతే వాహనం వెనుక నీడలో ఒదిగి నడుస్తుంది. దాని పొడవు వెనక్కి నడిపేటప్పుడు నిజానికి ఉపకారమే చేస్తుంది, ఎందుకంటే పొట్టి ట్రైలర్ తిరిగినంత చురుకుగా పొడుగు ట్రైలర్ పక్కకు తిరగదు. మధ్యతరహా వాహనం, రెండు బండ్లు, అప్పుడప్పుడు ఒక స్నేహితుడి బండి ఉండే ఇంటికి 23 అడుగుల ఇన్‌లైన్ ట్రైలరే తగినదని ఈ లేఖ ఉద్దేశం, అయితే మొత్తం బరువు వాహనపు పరిమితికి కనీసం వెయ్యి పౌండ్లు లోపలే ఉండాలన్న షరతు దానికి ఉంది.

తలుపులు ముందూ వెనుకా రెండు వైపులా ఉండటం విలాసం కాదు. వెనుక ర్యాంపు మీదుగా ఎక్కిన స్నోమొబైల్ ముందు ర్యాంపు మీదుగా దిగిపోగలిగితే, వెనక్కి నడిపే అవసరమే రాదు. నేటి టూస్ట్రోక్ స్నోమొబైళ్లలో చాలావాటికి ఎలక్ట్రానిక్ రివర్స్ ఉంటుంది, అంటే ఇంజను వేగాన్ని దాదాపు ఆగిపోయేంతగా తగ్గించి, నిప్పురవ్వ పడే క్షణాన్ని మార్చి, ఇంజనునే ఎదురుదిశలో తిప్పే ఏర్పాటు ఉంటుంది. కాని పొగ నిండిన ఇరుకు పెట్టెలో, చెక్కనేల మీద జారని స్కీలతో, గోడకు నాలుగంగుళాల దూరంలో బండిని వెనక్కి తేవటానికి ఆ రివర్స్ అంతగా అక్కరకు రాదు. రెండు సీట్లు పక్కపక్కన ఉండే సైడ్‌బైసైడ్ వాహనాన్ని ముందుముందు కొనే ఆలోచన ఉన్నట్లయితే, ట్రైలర్ లోపలి ఎత్తును కాక తలుపు చట్రపు ఎత్తునూ వెడల్పునూ టేపుతో కొలవాలి, ఎందుకంటే ప్రకటనలో చెప్పే లోపలి కొలత కంటే తలుపు సందు ఎప్పుడూ కొన్ని అంగుళాలు తక్కువే ఉంటుంది.

ట్రైలర్ లోపలి నేలను వంగి చూడటం కూడా అవసరం. స్కీ అడుగున మంచును కోసి దారి పట్టి ఉంచటానికి బిగించే కార్బైడ్ పట్టీలు, ట్రాక్‌కు బిగించే మొలల వంటి స్టడ్లు, రెండూ ప్లైవుడ్‌ను రంపంలా కోస్తాయి. ఒకటి రెండు చలికాలాలు వాడిన ట్రైలర్‌లో స్కీలు నడిచిన రెండు చాళ్లూ, వాటి మధ్య ట్రాక్ తిరిగిన చోట చీలికలు లేచిన పొరా స్పష్టంగా కనిపిస్తాయి. ఆ చాళ్లలో ఉప్పునీరు నిలిచి, లోపలికి ఇంకి, పలకను ఉబ్బిస్తుంది. అందుచేత స్కీలు నడిచే గీత వెంట గట్టి ప్లాస్టిక్ పట్టీలూ, ట్రాక్ నడిచే చోట రబ్బరు పరుపులూ కొన్న రోజే బిగించుకోవాలి. ర్యాంపుకూ నేలకూ మధ్య మడతబందు ఉన్న చోటే తొలి దెబ్బ తగులుతుంది. ఆ సందును కప్పే రేకు వంగిందా, బందు కడ్డీ తుప్పు పట్టిందా అన్నవి పాత ట్రైలర్ కొనేటప్పుడు మొదట చూడదగినవి.

చట్రం ఇనుపదా అల్యూమినియందా అన్న ప్రశ్నకు ఉప్పు రహదారులున్న ప్రాంతంలో జవాబు ఒక్కటే. ఇనుప చట్రం రంగు మీద పడిన ప్రతి గులకరాయి గుర్తు దగ్గరా తుప్పు మొదలై, రంగు అడుగునే వ్యాపిస్తుంది. అల్యూమినియం గాలి తగలగానే తన మీద తానే పలుచని రక్షణ పొరను ఏర్పరచుకుంటుంది, పైగా తేలిక కావటం వల్ల మోయగల బరువు కూడా పెరుగుతుంది. అయినా అల్యూమినియం అజేయం కాదు. ఇనుప బోల్టు, అల్యూమినియం దూలం కలిసే చోట ఉప్పునీరు చేరితే రెండు లోహాల మధ్య చిన్న విద్యుత్ ప్రవాహం ఏర్పడి అల్యూమినియం తెల్లని పొడిగా రాలిపోతుంది. కనుక యాక్సిల్ బిగించిన చోట రెండు లోహాలను వేరుచేసే పొర ఉన్నదో లేదో ట్రైలర్ కిందికి దూరి చూడాలి. ప్రతి ప్రయాణం తరువాత, గడ్డకట్టే చలి లేని రోజు చూసుకొని, అడుగుభాగాన్ని నీటితో కడగటం ఏ పూతకన్నా మేలు.

ఇప్పుడు చెప్పబోయేది తక్కినవాటి కంటే గంభీరమైనది. మూసిన పెట్టెలో పెట్రోలు ఆవిరి గాలికంటే బరువుగా ఉండి నేలకు అంటుకొని నిలుస్తుంది, బండి ఇంజను వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. అందువల్ల కింద ఒకటి, పైన ఒకటి గాలి రంధ్రాలు ఉన్న ట్రైలర్‌నే ఎంచుకోవాలి, బండి లోపలికి వచ్చిన వెంటనే ఇంజను ఆపాలి, బట్టలు మార్చుకోవటానికి వెచ్చగా ఉంటుందని పెట్రోలు బండ్ల పక్కన గ్యాసు హీటరు వెలిగించే అలవాటు ఎంతమందిలో కనిపించినా దానిని ఎంతమాత్రం అనుకరించరాదు. స్నోమొబైల్‌ను స్కీల మీద అడ్డంగా బిగించే కడ్డీతోనూ వెనుక ఒక పట్టీతోనూ, ఏటీవీని నాలుగు చక్రాలకు నాలుగు ర్యాచెట్ పట్టీలతోనూ కట్టాలి. ఆ పట్టీల కొక్కేలు తగిలించే వలయాలు చెక్కలోకి కాక కింది చట్రంలోకి బిగించి ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోవాలి.

టైరు గోడ మీద తయారైన వారమూ సంవత్సరమూ నాలుగు అంకెలలో అచ్చై ఉంటాయి. నేలను తాకే భాగం ఎంత కొత్తగా కనిపించినా ఆరేళ్లు దాటిన టైరును మార్చవలసిందే. చక్రాల నట్లను కొత్తగా బిగించిన తరువాత తొలి 50 మైళ్లకు మరలా బిగించాలి. మంచు మీద నడిచేటప్పుడు, ట్రైలర్ విద్యుత్ బ్రేకులను వాహనం నుండి నడిపే బ్రేక్ కంట్రోలరులో వాటి తీవ్రతను తగ్గించుకోవాలి, లేకపోతే చక్రాలు బిగుసుకుపోయి ట్రైలర్ పక్కకు జారుతుంది. ఇంటి ముందు ట్రైలర్ నిలపటానికి పేట సంఘమూ నగరమూ ఒప్పుకుంటాయో లేదో బయానా ఇవ్వకముందే కనుక్కోవాలి. 1976 డిసెంబరు 31 తరువాత పుట్టినవారు మిన్నెసోటాలో స్నోమొబైల్ నడపటానికి భద్రతా శిక్షణ పత్రం తప్పనిసరి కనుక, చిరంజీవీ కోడలూ ఇద్దరూ ఆ శిక్షణను ఈ శరత్కాలంలోనే పూర్తిచేసుకోవటం ఉచితం.

బేరం కుదిరిన రోజున రెండు స్నోమొబైళ్లనూ అమ్మకందారు ఆవరణకే తీసుకుపోయి, చేతులకు మందపాటి తొడుగులు వేసుకొని ఒకసారి ఎక్కించి, కట్టి, దించి చూడాలి. తొడుగులతో తలుపు గొళ్లెం తిరగకపోతే సున్నాకు 20 డిగ్రీల దిగువన అది అసలే తిరగదు. ఆ తరువాత బండ్లతో సహా దగ్గరలోని లారీల తూకం దగ్గర ఆగి, ఒక్కొక్క యాక్సిల్ మీద పడిన బరువు రాసిచ్చే చీటీ తీసుకొని, దానిని ధ్రువీకరణ పట్టీ మీది అంకెలతో సరిపోల్చుకున్నాకే మిగిలిన సొమ్ము చెల్లించాలి. ఆ చీటీ ఫోటో ఒకటి డులూత్‌కు పంపితే, హిచ్ బరువు లెక్క ఇక్కడ కూడా ఒకసారి సరిచూడటం జరుగుతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న