ఒక కొక్కెం సూది, ఒక దారపు ఉండ

దారంతో గుడ్డ చేయడానికి చాలా పద్ధతులు ఉన్నాయి. మగ్గం మీద నేస్తారు. రెండు సూదులతో స్వెట్టరు అల్లుతారు. ఒకే ఒక్క కొక్కెం సూదితో కూడా అల్లవచ్చు. ఈ అల్లికను క్రోషా అంటారు. ఫ్రెంచి భాషలో ఈ మాటకు చిన్న కొక్కెం అని అర్థం. మన వైపు లేసు అల్లడం అని కూడా అంటారు. బల్ల గుడ్డ, గుమ్మానికి తోరణం, పిల్లల టోపీ, అన్నీ దీనితో వస్తాయి.

పాకాలలో ఒక ఇల్లాలు సాయంత్రం బడికి పోయి చదువు నేర్చుకుంది. బడి అయిపోయింది. పుస్తకం మూలన పడింది. కొన్ని నెలలకు అక్షరాలు జారిపోసాగాయి. స్టేషన్‌లో కాట్పాడి బోర్డు ఏదో, ధర్మవరం బోర్డు ఏదో చదవడానికి తడుముకునేది. వాడని కత్తి తుప్పు పడుతుంది. వాడని చదువూ అంతే.

పక్కింటి పెద్దమ్మ అరుగు మీద కూచుని లేసు అల్లుతూ ఉంటుంది. ఒకరోజు ఆమె దగ్గరికి పోయింది.

"ఏం పెద్దమ్మా, ఆ ఒక్క సూదితోనే అంత పనా? నాకు వస్తాదా?"

"ఎందుకు రాదు మే? ఇరవై దాకా లెక్క వచ్చునా?"

"వచ్చు."

"ఇంకేం! కూచో."

మొదటి పాఠం

పెద్దమ్మ ఆమెకు లేత రంగు లావు ఊలు ఇచ్చింది. నల్ల దారంలో కుట్లు కనబడవు. సన్న దారం కొత్తవాళ్ళ చేతికి లొంగదు. పని ఇలా సాగింది.

1. దారం చివర జారుముడి వేయాలి. దాన్ని సూదికి తగిలించాలి.

2. కొక్కేనికి దారం చుట్టి, ముడిలోంచి బయటికి లాగాలి. ఇది ఒక గొలుసు కుట్టు. ఇలా 21 కుట్లు వేయాలి.

3. సూది పక్కనున్న మొదటి కుట్టును వదలాలి. రెండో కుట్టులో సూది గుచ్చి దారం లాగాలి. సూది మీద రెండు ఉచ్చులు ఉంటాయి. మళ్ళీ దారం చుట్టి, ఆ రెండింటిలోంచి ఒకేసారి లాగాలి.

4. వరస చివరికి 20 కుట్లు రావాలి. ఒక గొలుసు కుట్టు వేసి, అల్లికను తిప్పాలి. అంచున ఉన్న కుట్టు నుంచే రెండో వరస మొదలుపెట్టాలి.

మొదటి రోజు దారం మరీ బిగిసింది. సూది దూరలేదు. "వదులుగా పట్టు మే, దారం యాడికీ పారిపోదు" అంది పెద్దమ్మ. మూడో రోజుకు చెయ్యి అలవాటు పడింది. కానీ నాలుగు పలకలుగా రావలసిన గుడ్డ సమోసా మాదిరి మూడు మూలలయింది. అంచున ఉన్న కుట్లు వదిలేస్తే అలాగే అవుతుంది. 20 కుట్లు 18 అవుతాయి. 18 కాస్తా 15 అవుతాయి.

పెద్దమ్మ కోప్పడలేదు. దారం కొస పట్టుకుని లాగింది. అల్లిక అంతా సర్రున ఊడి వచ్చింది. దారం మాత్రం తెగలేదు. "చూస్తివా? తప్పు చేసినా దారం నష్టం లేదు. ఈసారి ప్రతి వరసా లెక్కబెట్టి రాసుకో" అంది.

లెక్క, రాత

ఆమె మూలన ఉన్న నోటు పుస్తకం తీసింది. వరస 1, కుట్లు 20. వరస 2, కుట్లు 20. తర్వాత మాటలు కూడా రాసింది. "ఎర్ర ఊలు అయిపోయింది." "ఇక్కడ రంగు మార్చాలి." జారిపోయిన అక్షరాలు మెల్లగా తిరిగి వచ్చాయి.

అల్లిక మీద ఆశ కూడా పెరిగింది. "ఈ ఒక్క వరస అయినాక లేస్తా" అనేది. ఆ వరస అయ్యేసరికి ఇంకొక వరస పిలిచేది. ఒకరోజు పొయ్యి మీద అన్నం అడుగంటింది. భర్త నవ్వుతూ, "ఈ పూట దారమే వడ్డిస్తావా?" అన్నాడు.

ఊరికే కూచున్నప్పుడు చేసిందా?

ఒక అంగడి ఆయన బల్ల గుడ్డలు అడిగాడు. ధర ఎంత అన్నాడు. "ఊరికే కూచున్నప్పుడు చేసిందే కదన్నా, ఏదో ఒకటి ఇవ్వండి" అందామె.

ఆయన పోయినాక పెద్దమ్మ అడిగింది. "ఎప్పుడు మే నువ్వు ఊరికే కూచున్నది?"

ఈ ప్రశ్న పాతదే. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసు అల్లికకు పేరు పొందింది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతంలో ఈ పని నేర్పారు. అక్కడి స్త్రీలు అల్లిన లేసు విదేశాలకు పోతుంది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ స్త్రీల గురించి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. వాళ్ళు ఇంటిపని చేసుకుంటూనే రోజుకు 6 నుంచి 8 గంటలు లేసు అల్లేవాళ్ళు. అయినా వాళ్ళను పనివాళ్ళు అనలేదు. తీరిక వేళ అల్లుకునే ఇల్లాళ్ళు అన్నారు. అందుకే కూలి చాలా తక్కువ. లాభం వ్యాపారులకు పోయేది.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే, వేరేచోట చేసిన లేసును ఆ ఊరి పేరుతో అమ్మకూడదు. పేరుకు రక్షణ దొరికింది. కూలి పెరగాలంటే అల్లే చేతికి లెక్క కూడా తెలియాలి.

ఐర్లండు దేశంలో 1845 తర్వాత బంగాళాదుంప పంట చెడి కరువు వచ్చింది. అప్పుడు ఎన్నో కుటుంబాలు స్త్రీలు అల్లిన లేసు అమ్ముకుని గంజి తాగాయి. వాళ్ళదీ తీరిక పని కాదు.

పాకాల ఇల్లాలు ఇప్పుడు పుస్తకంలో గంటలు కూడా రాస్తుంది. ధర అడిగితే ఆ పుస్తకం తీసి చూపుతుంది. ధర సరిపోకపోతే అమ్మదు. కూతురికి టోపీ అల్లుకుంటుంది. ఆ టోపీకి ఆమె గంటలు లెక్కపెట్టదు.

లెక్క చేయండి

ఒక బల్ల గుడ్డకు దారం ఖర్చు 60 రూపాయలు అనుకోండి. పని 8 గంటలు. అమ్మిన ధర 140 రూపాయలు.
ఖర్చు పోను ఎంత మిగిలింది?
గంటకు ఎంత పడింది?
మీ ఊరి కూలితో పోల్చండి. ఈ ధర న్యాయమేనా?

మాట్లాడుకోండి

మీ ఇంట్లో స్త్రీలు రోజూ చేసే పనుల్లో కూలి లేనివి ఏవి? ఒక్కోదానికి ఎన్ని గంటలు పడుతుంది? రాయండి.

కొత్త మాటలు

జారుముడి, గొలుసు కుట్టు, ఉచ్చు, వరస, పరిశోధకురాలు, భౌగోళిక గుర్తింపు