మూసిన బ్రాంచిని మోడల్‌లోంచి తీసేయవచ్చా?

ప్రశ్న: వాల్వు హఠాత్తుగా మూసుకుంటే వచ్చే వాటర్ హ్యామర్‌ను లెక్కకట్టేటప్పుడు, చివర మూసి ఉన్న, వాడకం లేని బ్రాంచి పైపులను మోడల్‌లో వదిలేయవచ్చా సార్?

జవాబు: మామూలు ప్రవాహం లెక్కకైతే వదిలేయండి, ఇబ్బంది లేదు. వాటర్ హ్యామర్‌కు మాత్రం వద్దు. ఉక్కు పైపులో పీడన తరంగం సెకనుకు సుమారు 1000 మీటర్లు పరుగెడుతుంది. నీటి వేగం సెకనుకు ఒక్క మీటరు తగ్గినా, జుకోవ్‌స్కీ సూత్రం ప్రకారం దాదాపు 100 మీటర్ల నీటి ఎత్తుకు సమానమైన పీడనం పెరుగుతుంది. ఒకే సైజు, ఒకే రకం పైపులు కలిసే టీ జంక్షన్ దగ్గర తరంగంలో మూడింట రెండు వంతులే బ్రాంచిలోకి వెళ్తుంది. అక్కడిదాకా ఊరటే. కానీ మూసిన చివరను తాకగానే అది రెట్టింపవుతుంది, అంటే అసలు తరంగానికి 4/3 వంతులు. బ్రాంచి మరీ సన్నదైతే దాదాపు రెండింతలు! మెయిన్ లైన్ తట్టుకున్నా బ్రాంచి పగలడానికి ఇదొక కారణం.

మామూలు ప్రవాహం లెక్కకు వాడే ఈపానెట్ సాఫ్ట్‌వేర్ ఈ లెక్క చేయదు. క్యారెక్టరిస్టిక్స్ పద్ధతి వాడే సాఫ్ట్‌వేర్ తీసుకోండి. పొట్టి బ్రాంచిల దగ్గర అది తరంగ వేగాన్ని తనంతట తాను ఎంత సవరించిందో తప్పక చూసుకోండి.