పాత జపాను కెమేరాల మరమ్మత్తు: కొంత భౌతికశాస్త్రం

ఫిజిక్సు ప్రాక్టికల్స్‌లో వీట్‌స్టన్ బ్రిడ్జి చెయ్యని సైన్సు విద్యార్థి వుండడు. గాల్వనామీటరు ముల్లు సున్నా దగ్గర నిలబడగానే రీడింగు వేసుకుని, రికార్డు మీద సంతకం చేయించుకుని, ఆ సంగతి అంతటితో మరిచిపోతాము. ఆ బ్రిడ్జే 1964లో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక కెమేరా లోపల కూర్చుని, అరవై యేళ్ళు దాటినా సరిగ్గా పనిచేస్తున్నదంటే చాలామంది నమ్మరు. ఆ కెమేరా పేరు అసాహి పెంటాక్స్ స్పాట్‌మాటిక్. పాత జపాను ఫిల్ము కెమేరాలను, కటకాలను సేకరించి బాగుచేసుకోవడం నాకు చాలాకాలంగా వున్న వ్యసనం. దాని వల్ల తెలిసిన సంగతులు కొన్ని యిక్కడ మనవి చేస్తాను.

ముందు కొంచెం చరిత్ర. అసాహి కంపెనీ 1919లో కళ్ళజోళ్ళ అద్దాల తయారీతో మొదలైంది. 1952లో అది తెచ్చిన అసాహిఫ్లెక్స్, 35 మి.మీ. సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ కెమేరాలలో జపానుకు మొదటిది. అంటే ఫొటో తీసే కటకంలోనుంచే మనం దృశ్యాన్ని చూస్తామన్నమాట. 1957లో పెంటాప్రిజం చేరి, బొమ్మ కంటికి తిన్నగా కనబడసాగింది. ఆ కంపెనీ కటకాలకు టకుమార్ అని పేరు. వ్యవస్థాపకుని సోదరుడు టకుమా కజివారా అమెరికాలో చిత్రకారుడిగా, ఫొటోగ్రాఫరుగా స్థిరపడ్డాడు. ఆయన పేరే కటకాలకు పెట్టారు. ఇక 1959లో నికాన్ ఎఫ్ వచ్చాక జపాను కెమేరాకు ఎదురులేకుండా పోయిందని అందరికీ తెలిసిందే.

పాత కెమేరా చేతికి రాగానే మొట్టమొదట చెయ్యకూడని పని స్క్రూడ్రైవరు తియ్యడం. దానికి వచ్చిన జబ్బుల్లో కుదిరేవేవో, కుదరనివేవో ముందు తేల్చుకోవాలి. ఇది తెలియక పాడుచేసుకున్న కెమేరాలు, ఊరికే పడివుండి పాడైన కెమేరాల కంటే తక్కువేమీ కావు. ఈ కెమేరా యిప్పుడు తయారు కావడం లేదు కాబట్టి ఒకదానికి విడిభాగం కావాలంటే యింకొకదాన్ని చంపాలి.

బ్యాటరీ సంగతి చూడండి. స్పాట్‌మాటిక్‌కు 1.35 వోల్టుల పాదరసం సెల్ వేసేవారు. పాదరసం విషం కనుక అటువంటి బటన్ సెల్స్ అమ్మకాన్ని అమెరికా 1996 చట్టంతో నిషేధించింది. యూరపు కూడా అదే దారిన పోయింది. ఇప్పుడు దొరికే సిల్వర్ ఆక్సైడ్ సెల్ 1.55 వోల్టులది. 1972 నాటి కానొనెట్ క్యూఎల్17 జి3 వంటి కెమేరాలలో ఈ తేడా మీటరును తప్పుదారి పట్టిస్తుంది. వెలుతురు వున్నదానికంటే ఎక్కువని చూపిస్తుంది, ఫిల్ము మీద బొమ్మ చీకటిగా పడుతుంది. స్పాట్‌మాటిక్‌లో ఆ బెంగ లేదు. బ్రిడ్జిలో ఒక భుజం కాడ్మియం సల్ఫైడ్ సెల్. వెలుతురు పెరిగితే దాని నిరోధం తగ్గుతుంది. షట్టరు వేగం, ఫిల్ము వేగం మార్చినప్పుడు యింకొక చోట నిరోధం మారుతుంది. ముల్లు మధ్యకు వచ్చిందంటే భుజాల నిష్పత్తులు సమానమైనట్లు. అప్పుడు బ్యాటరీ 1.35 అయినా 1.55 అయినా ఒకటే! కొత్త సెల్ కొలతలో చిన్నది గనుక చుట్టూ ఒక రింగు వేసి కూర్చోబెడితే చాలును. ఇది తెలియనివాడు మీటరు విప్పి, వైర్లు మార్చి, బంగారంలాంటి యంత్రాన్ని పాడుచేస్తాడు.

రెండవది, పసుపెక్కిన కటకం. సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్ 1.4 కటకం 1964లో మొదట ఎనిమిది గాజులతో వచ్చింది. కొద్దికాలానికే దాన్ని ఏడు గాజులకు మార్చి, వెనుకవైపు థోరియం ఆక్సైడ్ కలిపిన గాజును వాడారు. దానివల్ల వక్రీభవన గుణకం పెరుగుతుంది, రంగులు విడిపోవడం అంతగా పెరగదు. కానీ థోరియం రేడియోధార్మిక పదార్థం. దాని అర్ధజీవితం సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు! ఆ కిరణాలు గాజు అణునిర్మాణంలో లోపాలు కలిగిస్తాయి, గాజు టీ రంగుకు తిరుగుతుంది. కటకం పోయిందనుకుని చవకగా అమ్మేసేవారున్నారు. నిజానికి యిది కుదిరే జబ్బే. కటకాన్ని కెమేరానుంచి వేరుచేసి, కింద అల్యూమినియం రేకు పరిచి, అతినీలలోహిత దీపం కింద కొన్ని రోజులు పెడితే రంగు చాలావరకు విరిగిపోతుంది. ఎండ కూడా పనిచేస్తుంది, కాకపోతే ఎక్కువ రోజులు పడుతుంది. పైగా అది భూతద్దం కూడాను, ఎదురుగా కాగితాలూ కర్టెన్లూ వుంటే అంటుకుంటాయి. థోరియం ఎక్కడికీ పోదు గనుక యేళ్ళు గడిస్తే పసుపు మళ్ళీ వస్తుంది. మామూలుగా ఫొటోలు తీసుకునేవారికి దీనివల్ల చెప్పుకోదగ్గ ప్రమాదం లేదు. ఆ గాజును అరగదియ్యడం, పగలగొట్టడం, కంటికి ఆనించి చూసే అద్దంగా వాడడం మాత్రం పనికిరాదు.

బూజు యిటువంటిది కాదు. మన కోస్తా జిల్లాల వానాకాలపు తేమలో అది కటకాల మీద సాలెగూడులా పాకుతుంది. పైపైన వున్నప్పుడు అమోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన ద్రవంతో తుడిస్తే పోతుంది. ముదిరిందో, అది వదిలే ఆమ్లం కోటింగును, చివరకు గాజునే తినేస్తుంది. దాన్ని ఏ మందూ తిరిగి తేలేదు. కెమేరాను తోలు సంచిలో భద్రంగా దాచామనుకుంటాము గానీ ఆ తోలే తేమను పట్టి వుంచుతుంది. సంచిని వేరేచోట పెట్టి, కటకాన్ని సిలికా జెల్‌తో గాలి చొరని డబ్బాలో వుంచడమే మార్గం.

విప్పక తప్పనప్పుడు రెండు జాగ్రత్తలు. జపాను కెమేరాల ప్లస్ స్క్రూలు మన బజారులో దొరికే ఫిలిప్స్ రకం కావు, జె.ఐ.ఎస్. అనే జపాను ప్రమాణానివి. ఫిలిప్స్ డ్రైవరు వాటిలో సరిగా కూర్చోక, జారి, తలను కొరికేస్తుంది. ఇక ఫోకస్ మర. దానిలో అనేక మరలు ఒకదాని పక్కన ఒకటి మొదలవుతాయి కనుక తిరిగి బిగించేటప్పుడు ఎక్కడైనా పట్టుకుంటుంది. పట్టుకున్నా తప్పుచోట పట్టుకుంటే దూరపు కొండ ఎప్పటికీ స్పష్టంగా రాదు. భాగాలు విడిపోయే క్షణంలో రెండింటి మీదా పెన్సిలుతో గీత గియ్యాలి.

షట్టరు విషయంలో నా అభిప్రాయం కొంత కటువైనది. 1/1000 సెకనులో బొమ్మ ఒక పక్క నల్లబడితే తెరల స్ప్రింగులు బిగించమని సలహా యిచ్చేవారు చాలామంది. చాలాసార్లు అసలు కారణం ఎండిపోయిన పాత నూనె. బిగిస్తే ఆ రోజుకు సరిపోతుంది, ఎండిన నూనె మాత్రం లోపలే వుంటుంది. ముందు శుభ్రం చెయ్యాలి, తక్కువ నూనె వెయ్యాలి, ఆ తరువాతే స్ప్రింగు జోలికి పోవాలి.

ఇవన్నీ అయ్యాక ఒక రోలు ఫిల్ము వేసి, ఒకే గోడను, ఒకే వెలుతురులో, అన్ని వేగాలతోను తియ్యండి. వేగం మారినప్పుడల్లా దానికి తగినట్లు ఎపర్చరును కూడా మార్చి, ఏ ఫ్రేముకు ఏమి పెట్టారో పుస్తకంలో రాసుకోండి. నెగటివులను వరుసగా కిటికీకి ఆనించి చూస్తే ఏ వేగం దగ్గర నలుపు తేడా వచ్చిందో మీ కళ్ళకే కనిపిస్తుంది.