బుర్ర మీద నేరం మోపే ముందు

ఆటోమేటిక్ కారు ఒకే గేరులో బిగుసుకుపోయి డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగిందనుకోండి. అనకాపల్లి హైవే పక్క ఏ గ్యారేజీలోనో స్కానర్ పెడితే పీ0700 అని వస్తుంది. చుట్టూ నిలబడ్డవాళ్లు వెంటనే తీర్పు చెప్పేస్తారు: "బోర్డు పోయిందండీ!" ఏ గేరు ఎప్పుడు పడాలో నిర్ణయించే కంట్రోలర్ అది, గేర్‌బాక్సుకి బుర్ర. మార్చాలంటే వేలల్లో ఖర్చు. నిజానికి పీ0700 చెప్పేది ఇంతే: కంట్రోలర్ దగ్గర అసలు కోడ్ ఇంకోటి ఉంది, వెళ్లి చదువుకోమని.

మనుషుల విషయంలోనూ మనది ఇదే తొందర. మార్కులు తగ్గిన పిల్లాడికి బుర్ర లేదంటాం. పద్దు తప్పిన గుమస్తాని బుర్ర ఎక్కడ పెట్టావంటాం. పని తెలిసిన మెకానిక్ మాత్రం ఆ బుర్రకి అందాల్సింది అందుతోందా అని ముందు చూస్తాడు. ఆయన దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఇదే.

ఆయన కోడ్‌ని చెరిపెయ్యడు, రాసుకుంటాడు. తప్పు దొరికిన క్షణంలో బండి ఎంత వేగంతో ఉందో, ఇంజను ఎంత వేడెక్కిందో చాలా బళ్లలో స్కానర్ చూపిస్తుంది. చెరిపితే అదీ పోతుంది. తర్వాత బ్యాటరీ, ఫ్యూజులు, ఆపైన ఎర్త్. చాలామంది బోల్తా పడేది ఈ ఎర్త్ దగ్గరే. మల్టీమీటరుతో వైరు పరీక్షిస్తే కుయ్‌మంటుంది, బాగుందనుకుంటాం. లోపల పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా అది కుయ్‌మంటుంది! అందుకే కనెక్టర్ తీయకుండా, ఇంజను నడుస్తుండగా, గేర్లు మారుస్తూ, కంట్రోలర్ ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య వోల్టేజీ కొలవాలి. 0.1 వోల్టు లోపు ఉంటే సరే. అర వోల్టు చూపిస్తే బోర్డుని తిట్టి లాభం లేదు.

మనుషులూ అంతే, తీరిగ్గా ఉన్నప్పుడు అడిగితే "బానే ఉందండీ" అంటారు. పనిభారం పడ్డప్పుడు చూడండి. నెలాఖరున గుమస్తా పక్కన ఓ గంట కూర్చుంటే, లెక్క మధ్యలో ఫోన్ మోగి ఎన్నిసార్లు మళ్లీ మొదటికొచ్చాడో తెలుస్తుంది. పిల్లాణ్ణి "చదివావా?" అని అడగడం మానేసి, ఒక్క లెక్క మీ ఎదుట చెయ్యమనండి. పెన్ను ఎక్కడ ఆగిందో చూడండి. అది ఈ ఏడాది పాఠం కాకపోవచ్చు, ఎప్పుడో అర్థంకాక వదిలేసిన భిన్నాలు కావచ్చు.

పాత సంగతులూ అడగాలి. మారుతి సెలెరియోతో చవక ఆటోమేటిక్‌లు మొదలైన 2014లోనే, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకింది. నీళ్లలో మునిగిన బండి ఆ రోజే మొరాయించాలని లేదు. పిన్నుల మీద పచ్చటి తుప్పు నెలల తర్వాత బయటపడొచ్చు. (బెల్లం గోదాముల పక్కన రాత్రిళ్లు నిలబెట్టే బండయితే ఎలుకలు కొరికిన వైర్లు కూడా వెతకండి.)

ఒక్కోసారి బోర్డే పోతుంది, కాదనను. అప్పుడైనా రుజువు కావాలి: ఉబ్బిన కెపాసిటరో, భూతద్దంలో పిన్ను చుట్టూ కనిపించే సోల్డరింగ్ పగులో. కొత్త బోర్డు పెట్టేముందు, దాని ఆజ్ఞతో గేర్లు మార్చే సోలినాయిడ్‌ల ఓమ్స్ కొలవాలి. వాటిలో ఒకటి షార్ట్ అయి ఉంటే కొత్తదీ కాలిపోవచ్చు. బోర్డూ, సెన్సారూ, ఆయిలూ ఒకేసారి మార్చేస్తే బండి నడవొచ్చు గానీ, పోయిందేమిటో ఎప్పటికీ తెలీదు. ఒకే వారంలో పిల్లాడి ట్యూషన్ మార్చి, ఫోన్ లాక్కుని, తెల్లవారుజామున లేపడం మొదలెట్టే తల్లిదండ్రులు ఈ ముక్క మరోసారి చదవాలి.

రిపేరు అయ్యాక కూడా మెకానిక్ వెంటనే తాళాలు ఇవ్వడు. సోల్డరింగ్ పగులు చల్లగా ఉన్నప్పుడు కలిసి, వేడెక్కాక విడిపోవచ్చు. యలమంచిలి దాకా నడిపి, తిరిగొచ్చి, ఇంజను వేడి మీదుండగానే మళ్లీ స్కానర్ పెడతాడు. అంతదాకా బిల్లు రాయడు.