విద్యార్థుల ప్రశ్న

నెల్లూరు సీమలో, సముద్రతీరమునకు చేరువగా చిట్టమూరు కలదు. ఆ మండలపు అంచున పులికాటు సరస్సు పరచుకొనియున్నది. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలికా మొదటిది, పులికాటు రెండవది. ముఖద్వారములగుండ సముద్రపు నీరు లోనికి వచ్చును. వానకాలమున ఏరులు మంచినీటిని తెచ్చి కలుపును. ఈ రెండింటి పొత్తు కుదిరినప్పుడే చేపలు, రొయ్యలు వృద్ధిపొందును. మత్స్యకారుని వల బరువెక్కును. ఆ దాపుననే వరిచేలు కలవు. ఉప్పునీరు హద్దు మీరినచో ఆ చేలకు చేటు.

ఈ పొత్తు నేడు ప్రమాదములో పడినది. బొగ్గును, పెట్రోలియము నూనెలను మండించుటచే గాలిలో బొగ్గుపులుసు వాయువు హెచ్చి భూమి వేడెక్కుచున్నది. వేడికి సముద్రజలము వ్యాకోచించును. మంచు కరగి దానిలో చేరును. అందుచే సముద్రమట్టము పెరుగుచున్నది. వేడిగాలి ఎక్కువ తేమను మోయును గనుక వాన కురిసినప్పుడు కుండపోతగా కురియును. 2021 నవంబరులో నెల్లూరు, చిత్తూరు, కడప జిల్లాలను వరదలు ముంచెత్తినవి. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినది. ఏ ఒక్క తుపానునకును భూతాపమే కారణమని చెప్పరాదు. కాని వేడెక్కిన సముద్రము తుపానులకు బలమిచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ఈ మార్పుల ఫలమును ఎక్కువకాలము అనుభవింపవలసినవారు నేటి బాలబాలికలు. నిర్ణయములు చేయువారు పెద్దలు. మరి పిల్లల మాట పెద్దల సభకు చేరుట ఎట్లు? దీనికి, ఇట్లే సముద్రమును నమ్మి బ్రతుకు మరియొక తీరమునందలి విద్యార్థులు దారి చూపిరి.

పసిఫిక్ మహాసముద్రమున వనువాటు అను చిన్న ద్వీపదేశము కలదు. 2015 మార్చిలో పామ్ అను పెనుతుపాను దానిని ఛిన్నాభిన్నము చేసినది. 2019లో, దాని రాజధానియగు పోర్టువిలాలో న్యాయశాస్త్రము చదువుచున్న 27 మంది విద్యార్థులు ఒక ప్రశ్న వేసిరి. వాతావరణమును కాపాడుటకు చట్టరీత్యా దేశములకు గల బాధ్యత యేమి? హాని చేసిన దేశము ఏమి చేయవలెను? ది హేగ్ నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానమే దీనికి బదులు చెప్పవలెనని వారు తలచిరి.

కాని విద్యార్థులు నేరుగా ఆ న్యాయస్థానము నడుగజాలరు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ వంటి సంస్థ అడిగిననే అది అభిప్రాయము చెప్పును. విద్యార్థులు నిరాశపడలేదు. పసిఫిక్ దేశముల నాయకులకు లేఖలు వ్రాసిరి. వనువాటు ప్రభుత్వము 2021లో ఆ ప్రయత్నమును తనదిగా చేసికొన్నది. అనేక దేశములు తోడైనవి. 2023 మార్చి 29న సర్వసభ్యసభ ఆ ప్రశ్నను ఏకాభిప్రాయముతో న్యాయస్థానమునకు పంపినది.

2025 జూలై 23న న్యాయస్థానము ఏకగ్రీవముగా అభిప్రాయము వెల్లడించినది. వాతావరణమును కాపాడుట దేశములకు చట్టబద్ధమైన కర్తవ్యమనియు, దానిని మీరిన దేశము నష్టపరిహారము చెల్లింపవలసి రావచ్చుననియు తెలిపినది. ఇది సలహాయే కాని, శిరసావహింపవలసిన తీర్పు కాదు. సముద్రమట్టము దీనివలన ఒక్క అంగుళమైనను తగ్గలేదు. అయినను, 2019లో ఒక తరగతిగదిలో పుట్టిన ప్రశ్నను నేడు ఏ ప్రభుత్వమును వినలేదని చెప్పజాలదు.

ఆ విద్యార్థుల విజయమునకు కారణములు మూడు. వారి ప్రశ్న స్పష్టమైనది. దానిని ఎవరి నడుగవలెనో వారు తెలిసికొనిరి. పెద్దలతో కలహింపక, పెద్దలచేతనే పని చేయించిరి.

ప్రపంచమునకు సర్వసభ్యసభ యెట్టిదో పల్లెకు గ్రామసభ అట్టిది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము ఓటర్ల పట్టికలో పేరున్న వారందరును దానికి సభ్యులు. పదునెనిమిదేండ్లు నిండని విద్యార్థికి ఓటు లేదు. కాని కన్నులున్నవి, కలమున్నది. ఏ బావి నీరు ఏ నెలలో ఉప్పనగుచున్నది, చెరువుకట్ట ఎచ్చట బలహీనపడినది, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు నడువలేని వృద్ధులు ఏ యిండ్లలో నున్నారు అను విషయములను పిల్లలు చూచి వ్రాసి, సర్పంచికి ఈయవచ్చును. మత్స్యకారునకు సముద్రపు నీరు సరస్సులోనికి రావలెను. రైతునకు అది చేనిలోనికి రాకూడదు. ఇద్దరి కోరికయు న్యాయమైనదే. ఇట్టి చిక్కును విప్పుటకు కేకలకన్న లెక్కలే ఎక్కువ తోడ్పడును.

ఒకసారి చెప్పిన మాటను పెద్దలు వినకపోవచ్చును. వనువాటు విద్యార్థులకు బదులు వచ్చుటకు ఆరేండ్లు పట్టినది. ఓర్పుతో, ఆధారముతో అడిగిన ప్రశ్నకు విలువ కలదు.