విద్యుత్ వాహనాలు – దేశానికి లాభమెంత, భారమెవరికి?

భారతదేశం తనకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాల నుండి కొనుగోలు చేస్తున్నది. విద్యుత్ వాహనాలు పెరిగితే ఆ వ్యయంలో కొంత మిగులుతుందన్న మాట నిజమే. అయితే బ్యాటరీ సెల్లులు, లిథియం కూడా అధికంగా దిగుమతులే.

ఖజానా లెక్క వేరు. పెట్రోలు, డీజిలు జీఎస్టీ పరిధిలో లేవు. వాటిపై కేంద్రం ఎక్సైజు సుంకాన్ని, రాష్ట్రాలు అమ్మకపు పన్నును రాబట్టుకొంటున్నాయి. విద్యుత్ వాహనాలపై జీఎస్టీని 2019 ఆగస్టులో 12 నుండి 5 శాతానికి తగ్గించారు. బంకుల్లో అమ్మకం తగ్గితే ఆ లోటును మరొక పన్ను పూడ్చవలసిందే. నార్వే ఈ చిక్కును ముందే చవిచూసింది: విద్యుత్ కార్లకు పూర్తిగా మినహాయించిన విలువ ఆధారిత పన్నును 2023 నుండి 5 లక్షల క్రోనర్లకు మించిన ధరపై విధించసాగింది.

హోసూరు వంటి పట్టణాలకు అన్నింటికంటె దగ్గరి ప్రశ్న ఉపాధి. తరతరాలుగా తెలుగు వినిపించే ఆ ఊరిలో వాహన విడిభాగాల చిన్న కర్మాగారాలు అనేకం. పిస్టను, క్లచ్చి, సైలెన్సరు, ఇంధన ట్యాంకు – ఇవేవీ విద్యుత్ స్కూటరుకు అక్కరలేదు. బ్రేకులు, టైర్లు, సీట్లు చేసేవారికి అంత భయం లేదు. ఏథర్ విద్యుత్ స్కూటర్లు తయారయ్యేదీ హోసూరులోనే. కాని లేతు యంత్రంపై ఇరవై ఏళ్లు పనిచేసిన చేతికి బ్యాటరీ కూర్పు దానంతటదే పట్టుబడదు. ఇల్లు గడుపవలసిన నడివయసు కార్మికుడు జీతం మాని తరగతిలో కూర్చోలేడు. అతనికి పని వేళల్లోనే శిక్షణ ఇప్పించడం యాజమాన్యం బాధ్యత. ఆ ఖర్చులో ప్రభుత్వం పాలుపంచుకోవడం న్యాయం, చమురు వ్యయం తగ్గి లాభపడేది దేశమంతా కదా! యువకుల కోసం ఐటీఐలలో విద్యుత్ వాహన మెకానిక్ కోర్సు ఉన్నది. సమీప సంస్థలో ఆ విభాగం ఉన్నదీ లేనిదీ ప్రవేశాలకు ముందే విచారించుకోవడం మేలు.