మగవారికీ రొమ్ము క్యాన్సర్ వస్తుంది

రొమ్ము క్యాన్సర్ అనగానే అది ఆడవారి జబ్బు అనుకుంటాం. మగవారికి కూడా చనుమొన వెనుక కొద్దిగా రొమ్ము కణజాలం ఉంటుంది. అందులోనూ క్యాన్సర్ పుట్టవచ్చు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 100 మందిలో సుమారు ఒక్కరు మగవారు. ఎక్కువగా 60 ఏళ్ళు దాటినవారిలో కనిపిస్తుంది.

అరుదు కావడం వల్లే అనుమానం రాదు. గడ్డకు సాధారణంగా నొప్పి ఉండదు. సెగగడ్డ అని పసరు కట్టేవారు, పత్తి ఏరడం అయ్యాక చూద్దాం అనుకొనేవారు, డాక్టరు ముందు బనియన్ విప్పడానికి సిగ్గుపడేవారు ఉంటారు. (పొలంలో చొక్కా లేకుండానే పని చేస్తారు, ఇక్కడ సిగ్గెందుకో!) మగవారి రొమ్ము చిన్నది కాబట్టి గడ్డ త్వరగా చర్మానికి, ఛాతీ కండకు పాకుతుంది.

చనుమొన కింద గట్టి గడ్డ, చనుమొన లోపలికి లాక్కుపోవడం, మానని పుండు, బనియన్ మీద రక్తపు మరక, చంకలో బిళ్ళ కట్టడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే చూపించుకోవాలి. అలాగని రొమ్ము ఉబ్బిన ప్రతివారికీ క్యాన్సర్ కాదు. ఎదిగే వయసు అబ్బాయిలకు, కొన్ని మందులు వాడేవారికి, తాగుడుతో కాలేయం చెడినవారికి రొమ్ము పెరుగుతుంది. అది తరచుగా మెత్తగా, రెండువైపులా ఉంటుంది. ఏది ఏదో మామోగ్రామ్, స్కానింగ్, ముక్క పరీక్షలు తేలుస్తాయి.

ఆపరేషన్ చేసి రొమ్మును తీసివేస్తారు. అవసరాన్ని బట్టి కరెంటు, కీమో ఇస్తారు. మగవారిలో ఈ క్యాన్సర్ చాలావరకు హార్మోన్ మందులకు లొంగుతుంది కనుక టామాక్సిఫెన్ బిళ్ళలు కనీసం 5 సంవత్సరాలు వాడిస్తారు. అమెరికా నటుడు రిచర్డ్ రౌండ్‌ట్రీకి 1993లో ఈ జబ్బు బయటపడింది. చికిత్స తరువాత ఆయన 30 ఏళ్ళు జీవించారు.

ఇంకొక మాట, ఇది ఇంట్లో అందరిదీ. కొందరికి బి.ఆర్.సి.ఎ.-2 అనే జన్యువులోని లోపం వల్ల ఈ క్యాన్సర్ వస్తుంది. తండ్రిలో ఆ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ, కొడుకైనా కూతురైనా, సగానికి సగం అవకాశంతో సంక్రమిస్తుంది. బిడ్డ పెళ్ళి చెడిపోతుందని తండ్రి జబ్బు దాస్తే, ముందుగా పరీక్ష చేయించుకోవలసిన ఆ బిడ్డకే సంగతి తెలియకుండా పోతుంది.

నర్మెట్ట వారు మొదట జనగామ ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. క్యాన్సర్ వైద్యానికి హైదరాబాదు రెడ్ హిల్స్‌లో 1955లో మొదలైన ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. వెళ్ళేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్, పాత చీటీలు వెంట తీసుకువెళ్ళండి.